ప్రెసిడెంట్ సాబ్ చెబితే

జూన్ 3, మంగళవారం

సర్వే పూర్తయింది. కాళ్లు పీకుతున్నాయి గానీ మనసు తేలిగ్గా ఉంది. ఛత్రినాకలో మా బస్తీ మొత్తంలో నేను తట్టని తలుపు లేదు, తాగని చాయ్ లేదు. మా గైడు కృపాకర్ సార్ మొదట్లోనే గొణిగారు, సొంత బస్తీలో అడిగితే మొహమాటానికి జవాబులు చెప్తారని. సార్‌కేం తెలుసు! ఒక్కరు కూడా నన్ను పాల కొండల్ బిడ్డగా చూడలేదు, పీహెచ్‌డీ చేసే వర్షితగానే చూశారు. ఆండాలమ్మ అయితే చాయ్‌తో పాటు సర్వపిండి కూడా పెట్టింది. పరిశోధకులంటే ఆమెకు అంత గౌరవం.

అడిగింది చిన్న ప్రశ్నే. పెద్ద పదవిలో ఉన్నవాళ్లు ఒక మాట చెబితే జనం మనసు మారుతుందా అన్నది నా థీసిస్. మారదనే పుస్తకాలన్నీ అంటాయి. దేశాధ్యక్షులు మైకు పట్టుకుని ఊరూరా తిరిగినా, టీవీలో కూర్చుని బతిమాలినా, జనం ముందు అనుకున్నదే తర్వాతా అనుకుంటారట. అందుకని నేను సగం ఇళ్లలో ‘పండుగ ఊరేగింపుల్లో సౌండ్ తగ్గించుకోవాలంటే ఒప్పుకుంటారా’ అని అడిగాను. మిగతా సగం ఇళ్లలో అదే ప్రశ్నకు ముందు ‘ప్రెసిడెంట్ సాబ్ చెబితే’ అని తగిలించాను. ఈ మూడు మాటలకు జనం ఎంత కదులుతారో అదే నా మూడో అధ్యాయం. సౌండ్ సంగతే ఎందుకంటే, ఎవరికీ పెద్దగా పట్టని విషయం తీసుకోమని సార్ చెప్పారు.

‘ప్రెసిడెంట్’ అన్న మాట కుదరడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదట ‘రాష్ట్రపతి’ అని రాసుకుపోతే ‘బడి పుస్తకంల ఫోటో ఉంటది, గాయిననేనా?’ అన్నారు. పక్కనే జహనుమా వైపు ఉర్దూ మాట్లాడేవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు ‘సదర్ సాబ్’ అన్నాను. అక్కడ బాగానే నడిచింది. ఆ హుషారులో మా పాలోళ్ల గల్లీకొచ్చి ఓదెలు మామను కూడా ‘సదర్ సాబ్ చెబితే వింటవా మామా’ అని అడిగాను. మామ చాలాసేపు ఆలోచించాడు.

“దున్నపోతు ఏం జెప్తది బిడ్డా?”

ఉర్దూలో సదర్ అంటే అధ్యక్షుడు. మాకు మాత్రం దీపావళి తర్వాత దున్నలకు పూలదండలేసి ఊరేగించే పండుగ. పాలోళ్ల ఇంట్లో పుట్టి నేనే ఆ సంగతి మరిచాను. నవ్వి నవ్వి మామ గల్లీ అంతా చెప్పాడు.

ఆ తర్వాతే ‘ప్రెసిడెంట్ సాబ్’ అన్నాను. ఇక ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. అందరికీ ఇట్టే అర్థమైంది.

బాపు ఇంకా ఇంటికి రాలేదు. బోనాలు దగ్గరపడుతున్నాయి కదా, కమిటీ లొల్లి మొదలైంది. ఈసారి కూడా డీజే బండి పెట్టిస్తానని కుర్రాళ్లకు, ముఖ్యంగా అంజన్నకు, మాటిచ్చాడట.

జూన్ 8, ఆదివారం

లెక్కలు వచ్చాయి. ఇంకోసారి రాసుకుంటాను, రాస్తుంటే హాయిగా ఉంది: లెక్కలు వచ్చాయి!

ఊరికే అడిగిన ఇళ్లలో పదిమందికి నలుగురు సౌండ్ తగ్గించడానికి ఒప్పుకున్నారు. ‘ప్రెసిడెంట్ సాబ్ చెబితే’ అన్న ఇళ్లలో పదికి ఏడుగురు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేడా లేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఛత్రినాక రాలేదు, అంతే సంగతి.

సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంకెలు రెండుసార్లు చెప్పించుకున్నారు.

“ఇంత కదలిక నా సర్వీసులో చూళ్లేదమ్మా. ఎక్కడో ఏదో తేడా జరిగింది. మళ్లీ చూడు.”

చూస్తానన్నాను. అసూయ అని మాత్రం అనను, పెద్దాయన.

బాపు కొట్టంలో గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి, “ఏంది బిడ్డా, మొఖం ఎలిగిపోతున్నది?” అన్నాడు.

“ప్రెసిడెంట్ మాటంటే జనానికి మస్తు ఇజ్జత్ ఉన్నది బాపు. నా సర్వేల తేలింది.”

“గట్లనా?” అని భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. ఎందుకో చాలా సంతోషపడ్డాడు. దేశం మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు.

జూన్ 12

మళ్లీ చూశాను. సరిగ్గానే ఉంది.

జూన్ 17, మంగళవారం

పొద్దున పాలకొచ్చిన ఆండాలమ్మ గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది.

“మీ బాపు మంచి మాట జెప్పిండు బిడ్డా. జర గట్టిగ నిలబడుమను.”

“ఏం మాట?”

“అబ్బ! నీకు తెల్వదా ఏంది!” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నేనూ నవ్వాను. పాలలో నీళ్లు కలపనన్న మాట గురించి అయి ఉంటుంది.

జూన్ 22, ఆదివారం

లొల్లి. మామూలు లొల్లి కాదు.

మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాం. అంజన్న నలుగురు కుర్రాళ్లను వెంటేసుకుని వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

“కాకా, డీజే వద్దన్నవట?”

బాపు బిత్తరపోయాడు. “ఎవలన్నరు? నేనే గద నీకు మాటిచ్చిన?”

“మాటిచ్చుడు మాకు. ఇంటింటికి తిరిగి సౌండ్ వద్దని చెప్పిచ్చుడు మందికి. బస్తీ మొత్తం అంటున్నది, ప్రెసిడెంట్ సాబ్ సౌండ్ తగ్గించుమని చెప్పిండని. గిట్ల రెండు నాలుకలెందుకు కాకా?”

“నేనెవల్ని పంపిన్రా?”

అంజన్న నా వైపు చూశాడు. వాళ్ల కోసం చాయ్ తెచ్చి, పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. బాపు కూడా నా వైపు చూశాడు. అమ్మ ఒక్కతే చూడలేదు, ఆమె నవ్వు ఆపుకుంటోంది.

బాపు ఒక్కటే అన్నాడు. “జూలైల మీటింగ్ పెడ్త. బస్తీ ముందలనే మాట్లాడుకుందం. చాయ్ తాగి పోండ్రి.”

తాగకుండానే వెళ్లారు.

జూన్ 23

ప్రెసిడెంట్. ప్రెసిడెంట్. ప్రెసిడెంట్.

నాలుగేళ్లుగా బాపు బోనాల కమిటీ ప్రెసిడెంట్. గేటు పక్కన బోర్డు ఉంది. పొద్దున్నా సాయంత్రం ఆ బోర్డుకే నా స్కూటీ ఆనించి తాళం వేస్తాను. ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరమూ అనం. నాకు బాపు. అమ్మకు ‘ఏమయ్యా’. ఎందుకనవమ్మా అంటే అమ్మ, “ఇంట్ల ప్రెసిడెంట్‌ను నేను. ఆయన గల్లీలనే” అంది.

జూన్ 24, మంగళవారం

ఇంకా ఆశ చావలేదు. ఆండాలమ్మ ఇంటికి వెళ్లి అడిగాను.

“నేను ప్రెసిడెంట్ అన్నప్పుడు ఎవరనుకున్నవు?”

“ఇంకెవలు, మీ బాపు.”

“ఢిల్లీల గూడ ఒక ప్రెసిడెంట్ ఉంటరు గద?”

ఆండాలమ్మ నన్ను జాలిగా చూసింది. “గాళ్లకు ఛత్రినాకల డీజేతోని ఏం పని బిడ్డా?”

ఈ ప్రశ్న కృపాకర్ సార్‌నే అడగాలి.

“నేను ‘చెబితే’ అన్న గద అమ్మా, ‘చెప్పిండు’ అనలేదు గద?”

“నువ్వు గట్లనే అన్నవు. ఆయన చెప్పకుంటె నువ్వెందుకొస్తవని మేమే అనుకున్నం.”

ఇప్పుడు తెలిసింది. ‘చెబితే’ అన్న మాట ఆండాలమ్మ గడప దాటి, నల్లా దగ్గర ‘చెప్తడట’ అయి, కిరాణా కొట్టు దగ్గర ‘చెప్పిండట’ అయింది. అంజన్న చెవిన పడేసరికి ‘ఇంటింటికి తిరిగి చెప్పిచ్చిండు’ అయింది. నేను ప్రజాభిప్రాయాన్ని కొలవడానికి వెళ్లి, దాన్ని తయారుచేసి వచ్చాను.

జూన్ 25, బుధవారం

బాపుకు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. పీట మీద కూర్చుని ఓపిగ్గా విన్నాడు.

“అంటె, ఆ ఏడుగురు ఒప్పుకున్నది ఢిల్లాయన మాటకు గాదు. నా మాటకు?”

“నీ పేరుకు బాపు. నువ్వు మాటే చెప్పలేదు.”

“ఊకె అడిగితె నలుగురు. నా పేరు చెప్తె ఏడుగురు.” వేళ్లు చూసుకున్నాడు. ఒక చేతికి నాలుగు వేళ్లు, తర్వాత రెండు చేతులకు ఏడు. మా బాపుకు అరవై దగ్గరపడుతోంది, ఆయన కళ్లలో అంత మెరుపు నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

“ఎవలెవలు ఒప్పుకున్నరు?”

“చెప్పకూడదు బాపు. పేర్లు బయట పెట్టనని వాళ్లకు మాటిచ్చిన.”

“నాకు గూడ చెప్పవా?”

“ప్రెసిడెంట్‌కైతే అసలే చెప్పను.”

అప్పుడు అసలు సంగతి బయటపడింది. బాపుకు డీజే అంటే మొదటినుంచీ పడదు. “నిరుడు పండుగైనంక రెండు రోజులు బర్లు చేపకపాయె, యాదికి లేదా? పొదుగు పట్టుకుంటె ఉలికి పడ్డయి.” అవును, ఆ రెండు రోజులూ పాలకొచ్చినవాళ్లు ఖాళీ గిన్నెలతో తిరిగిపోయారు.

“మరి వద్దనకపోయినవా?”

“అందరు కావాలంటున్నరు గద. ప్రెసిడెంట్‌నైయుండి నేనొక్కణ్ని వద్దంటె ఏం మంచిగుంటది?”

“అందరూ అంటే ఎవరు బాపు?”

బాపు ఆలోచించాడు. “అంజిగాడు” అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి పగలబడి నవ్వింది. బాపు నవ్వలేదు. మీటింగ్‌లో డీజే వద్దని తానే చెప్తానన్నాడు. “మంది నా దిక్కు నిలబడకుంటె, ఆ పోరగాండ్లకిచ్చిన మాట తప్పిన పాపానికి ప్రెసిడెంట్‌గిరి ఇడిచిపెడ్త. ఏడుగురున్నరు గద, నాకేం ఫికర్!”

నాకూ ఏం ఫికర్ లేదు.

జూన్ 27, శుక్రవారం

సార్ ముందు కూర్చుని మొత్తం ఒప్పచెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకునేంత నవ్వారు. దున్నపోతు దగ్గర ఒకసారి, బోర్డు దగ్గర ఒకసారి. తర్వాత చాయ్ తెప్పించి, మెల్లగా అడిగారు.

“అడిగింది ఎవరమ్మా? ప్రెసిడెంట్ కూతురు. గడపలో నిలబడి ‘మా నాన్న చెబితే ఒప్పుకుంటారా’ అన్నట్టే కదా. కాదని ఎవరంటారు? ఆ ఏడుగురిలో మీ నాన్న మాట వినేవాళ్లు ఎందరో, నీ మొహం చూసి తలూపినవాళ్లు ఎందరో నీకు తెలుసా?”

సర్వపిండి గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి బాపు బర్రెలకు నీళ్లు పెడుతూ కూనిరాగం తీస్తున్నాడు. చెప్పలేకపోయాను. రేపు చెప్తాను.

జూలై 2

రేపు చెప్తాను.

జూలై 5, శనివారం

బాపు అద్దం ముందు ఉపన్యాసం చెప్పుకుంటున్నాడు. రేపే మీటింగ్. అమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించింది.

జూలై 6, ఆదివారం

ఇవాళ చాలా రాయాలి.

పొద్దున కొట్టంలోకి వెళ్లి చెప్పేశాను. బాపు పాలు పితుకుతున్నాడు, చేయి ఆపలేదు. ఆ ఏడుగురు నన్ను చూసి మొహమాటపడి ఉండొచ్చని, ఆ లెక్క నమ్ముకుని నలుగురిలో నిలబడితే పరువు పోతుందని, మీటింగ్ వాయిదా వేయమని బతిమాలాను. నీళ్లు నములుతూ ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు. చెంబు నిండాక బాపు తలెత్తాడు.

“నిన్ను జూసి ఔనన్నరంటె, నా బిడ్డను జూసి అన్నట్టే గద. గది గూడ నా ఓటే. నువ్వు ఫికర్ జేయకు.”

తర్వాత ఒక మాట అడిగాడు. “అయితె, నలుగురు మాత్రం పక్కా గద?”

పక్కానే అన్నాను. నా పేరో ఆయన పేరో లేకుండా ఒప్పుకున్నవాళ్లు వాళ్లే కదా. కానీ ఊరికే అడిగిన ఇళ్లకూ నేనే వెళ్లానని మళ్లీ గుర్తుచేయబుద్ధి కాలేదు.

మీటింగ్ గుడి ముందు. ఆడవాళ్లు అరుగుల మీద, మగవాళ్లు కుర్చీల్లో, అంజన్న బృందం గోడెక్కి. బాపు మైకు పట్టుకుని అద్దం ముందు చెప్పుకున్నదంతా మొదలుపెట్టాడు. మన సంప్రదాయం, డప్పు, పోతరాజు, చిన్నపిల్లల చెవులు. చక్కగానే చెప్పాడు. ఒక్క తల కదల్లేదు. నా పుస్తకాల్లో రాసినట్టే, అచ్చంగా. ప్రెసిడెంట్ మాట్లాడుతున్నాడు, జనం ముందు అనుకున్నదే అనుకుంటున్నారు. గోడ మీద ఎవడో ఈల వేశాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. బాపు చొక్కా వీపున తడిసిపోయింది.

అప్పుడు బాపు మైకు కింద పెట్టేశాడు.

“ఇగ నా ముచ్చట ఇడ్వుండ్రి. నేను సౌండ్ వద్దన్ననని మీరందరంటున్నరు గద, నేననలే. దేవుని తోడు. నా బిడ్డ ‘చెబితే’ అని అడిగింది. మీరు దాన్ని ‘చెప్పిండు’ అని జేసిండ్రు. మరి ఆ మాట ఎవలది? నాది గాదు. నా బిడ్డది గాదు. మీ కడుపుల ఉన్నది నా నోట్ల పెట్టిండ్రు. పెట్టినోళ్లే చెప్పుండ్రి, నోట్లనే ఉంచుకోవాల్నా, బయటికి ఊంచెయ్యాల్నా?”

అరుగు మీద నుంచి ఆండాలమ్మ లేచింది.

“ఔ, నేనే అన్న. నిరుడు డీజే పోతుంటె మా ఇంట్ల బొచ్చెలన్ని కింద పడ్డయి.”

ఇంకొకామె లేచింది. ఓదెలు మామ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. అంతలో వెనక నుంచి సన్నగా ఒక గొంతు. “నేను గూడ అన్న.” అందరూ తిరిగి చూశారు. నాగమణమ్మ. అంజన్న తల్లి.

“అమ్మా! నువ్వా?” గోడ మీద నుంచి అంజన్న దాదాపు జారిపడ్డాడు.

“నేనే. పిట్టగోడ అదిరి నాకు తల తిరుగుతది రా. నీకు చెప్తె నొచ్చుకుంటవని చెప్పలే.”

నవ్వులు మొదలయ్యాయి. గోడ మీది కుర్రాళ్లూ నవ్వారు. నవ్వాక జనానికి లేవడం తేలికైంది. ఎంతమంది లేచారో నేను లెక్కపెట్టలేదు. పెట్టాల్సింది నేనే, కానీ కళ్ల నిండా నీళ్లు.

చివరికి బోనాలు గుడికి చేరేదాకా డప్పులే అని తేల్చారు. అన్నీ అయ్యాక కుర్రాళ్ల కోసం ఒక చిన్న బండి, అదీ పాలోళ్ల గల్లీలోకి రాకుండా. ఆ చిన్న బండి మాట బాపే అన్నాడు. అంజన్నకిచ్చిన మాట కూడా పూర్తిగా పోకూడదు కదా. బాపు ప్రెసిడెంట్ కుర్చీ అలాగే ఉంది. ఇంటికొచ్చి బాపు రెండు గ్లాసుల మజ్జిగ తాగి, “నా ఉపన్యాసం ఎట్లుండె?” అన్నాడు.

బాగుంది బాపు అన్నాను.

జూలై 21, సోమవారం

నిన్న బోనాలు. అమ్మ తల మీద బోనం, చుట్టూ వేపాకు, ముందు డప్పులు. ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మ కాలి గజ్జెల చప్పుడు నాకు వినపడింది. అంజన్న ముఖం మాడ్చుకునే వచ్చాడు. గల్లీ మలుపు తిరిగేసరికి డప్పుల ముందు అందరికంటే ఎక్కువ ఎగిరింది అతనే, చొక్కా పిండితే చెంబు నీళ్లొచ్చేవి. ఈరోజు పొద్దున బర్రెలు ఎప్పటిలాగే చేపాయి.

సార్ ఫోన్ చేశారు. మూడో అధ్యాయం పారేయకుండా, జరిగింది జరిగినట్టు రాయమన్నారు. “ప్రెసిడెంట్లు జనాన్ని మార్చలేరని పుస్తకాలు రాశాయి. జనం ప్రెసిడెంట్‌ను ఎలా మారుస్తారో నువ్వు రాయమ్మా.” కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది కాబట్టి, కొత్తగా ‘ఢిల్లీ రాష్ట్రపతి’ అని స్పష్టంగా రాసి, ఇంకెవరి చేతనైనా అడిగించమన్నారు.

జూలై 27, ఆదివారం

ఇంకెవరి చేతనో అడిగిస్తే ఆండాలమ్మ తలుపే తీయనంది. ‘మా వర్షిత రావాలె’ అందట. సరే, నేనే వెళ్లాను. ఈసారి ఏ లొల్లీ రాని విషయం తీసుకున్నాను, తడిచెత్త పొడిచెత్త వేరుచేయడం. చాలా జాగ్రత్తగా, ఒక్కో మాటా విడదీసి పలికాను.

“చూడమ్మా, ఢిల్లీల ఉండే రాష్ట్రపతి. మా బాపు కాదు. అర్థమైంది గద? ఆ రాష్ట్రపతి చెబితే, తడిచెత్త పొడిచెత్త వేరు చేస్తవా?”

ఆండాలమ్మ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, చాలా సేపు ఆలోచించింది.

“మీ బాపు ఏమంటడో అడిగి చెప్త.”

సర్వే కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేసి ఇంటికొచ్చాను. బాపు గడ్డి కోస్తున్నాడు. సరదాకు ఆయన్నీ అదే ప్రశ్న అడిగాను. బాపు కొడవలి పక్కన పెట్టి, తువ్వాలు సర్దుకుని, ప్రెసిడెంట్‌లా నిలబడ్డాడు.

“ఆండాలు ఏమన్నది?”

“నిన్ను అడిగి చెప్తనన్నది బాపు.”

“గట్లనా?” అన్నాడు. మళ్లీ కొడవలి అందుకున్నాడు. “అయితె జర ఆగు బిడ్డా. ఆమె చెప్పినంక చెప్త.”